పదమూడు ఆటలూ ఒకేసారి కొనాలా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 44,000 రూపాయలు చేతికి వస్తాయి. అద్దె, ఇంటికి పంపేది పోగా పెద్దగా మిగలదు. 60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. క్రెడిట్ కార్డుపై 38,000 బాకీ ఉంది. వడ్డీ నెలకు 3.5 శాతం. ప్రతినెలా కనీస మొత్తం 1,900 కడుతున్నాను. ‘ట్రెయిల్స్’ అనే జపాన్ రోల్ ప్లేయింగ్ ఆటల గురించి మిత్రులు చాలా గొప్పగా చెబుతున్నారు. ప్లేస్టేషన్ 5, మొత్తం 13 ఆటలు కలిపి సుమారు 95,000 అవుతుంది. ఏడాది ఈఎంఐలో కొనవచ్చా? అంత పెట్టి ఆడదగినవేనా? నా దగ్గర అయిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది.

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆడదగినవే. మొదటి మూడు భాగాలూ నేను పూర్తిగా ఆడాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. కానీ మీరు అనుకుంటున్న పద్ధతిలో మాత్రం కొనవద్దు.

ముందు ఆ 38,000 సంగతి చూద్దాం. నెలకు 3.5 శాతం అంటే వడ్డీ 1,330 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ మరో 239. మొత్తం 1,569. మీరు కడుతున్న 1,900లో అసలుకు చేరేది 331 రూపాయలే! ఈ లెక్కను ఒకసారి కాగితం మీద మీ చేత్తో వేసి చూడండి. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డుతో కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు దొరకదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. వడ్డీ లేని ఈఎంఐ అని చెప్పేవాటిలోనూ ప్రాసెసింగ్ రుసుము, జీఎస్టీ ఉంటాయి.

మరోవైపు మీ డిపాజిట్ ఏడాదికి ఆరేడు శాతం తెస్తోంది. కార్డు ఏడాదికి 42 శాతం తీసుకుపోతోంది. డిపాజిట్‌లోంచి 38,000 తీసి కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేయండి. గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు కొంత వడ్డీ తగ్గిస్తుంది, అది మీ ఒక నెల కార్డు వడ్డీ కన్నా తక్కువే అవుతుంది. మిగిలిన 22,000 ముట్టుకోవద్దు, అది అత్యవసరాలకు.

ఇప్పుడు ఆటలు. ఈ వరుసను తయారు చేస్తున్నది టోక్యో దగ్గరి తచికావాలో ఉన్న నిహోన్ ఫాల్కమ్ అనే చిన్న సంస్థ. మొదటి ఆట ‘ట్రెయిల్స్ ఇన్ ద స్కై’ జపాన్‌లో 2004లో వచ్చింది. జెమూరియా అనే కల్పిత ఖండంలో ఒక్కో దేశం కథ ముగించి, అదే కాలక్రమంలో పక్క దేశానికి సాగే వరుస ఇది. కథలో ఏదైనా ఘటన జరిగిన ప్రతిసారీ ఊళ్లోని దుకాణదారు, బామ్మ, బడిపిల్లలు అందరి మాటలూ మారిపోతాయి. పని కట్టుకొని వెళ్లి పలకరించిన వాళ్లకే అవి తెలుస్తాయి. ప్రేమలో దెబ్బతిన్న అంటాన్ అనే ఓ మామూలు కుర్రాడు మనకు ఒక ఆటలో తారసపడి, మరో ఆటలో మరో దేశంలో మళ్లీ కనిపిస్తాడు. అతణ్ని చూసి చిన్ననాటి స్నేహితుడు ఎదురైనంత సంతోషించాను. చకచకా సాగే పోరాటాలు కోరుకునేవారికి ఇది సరిపడదు. మొదటి ఆట తొలి పది గంటలు నెమ్మదిగా నడుస్తుంది. చదవాల్సిన ఇంగ్లీషు చాలా ఉంటుంది.

డబ్బు లెక్కలు చూసే మనిషిగా నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. ఇందులో మృగాల్ని ఓడిస్తే నేరుగా డబ్బు రాదు, సెపిత్ అనే రంగురంగుల స్ఫటికాల ముక్కలు వస్తాయి. వాటిని అమ్మి ‘మిరా’ అనే అక్కడి డబ్బు తెచ్చుకోవచ్చు, లేదా దాచి మంత్రశక్తినిచ్చే క్వార్ట్జ్‌లు చేయించుకోవచ్చు. కొత్త కత్తి కోసం నేను మొదట్లో ఉన్న సెపిత్ అంతా అమ్మేశాను. తర్వాతి పోరాటంలో వైద్యమంత్రం లేక కథానాయకులు ఎస్టెల్, జాషువా ఇద్దరూ కూలిపోయారు.

ఇక మీ లెక్క. ఒక్కో ఆటకు సగటున 55 గంటలు వేసుకుంటే, 13 ఆటలకు 715 గంటలు. ఉద్యోగం చేసే మనిషికి వారానికి ఆరు గంటలు దొరికితే అదే గొప్ప. అంటే 27 నెలలు పడుతుంది. మీ ఈఎంఐ ముగిసే నాటికి మీరు ఆరో ఆటలో ఉంటారు. ముట్టుకోని ఏడు ఆటలకు పూర్తి ధర కట్టేసి ఉంటారు. ఆలోగా వాటి ధరలు ఎన్నిసార్లు తగ్గుతాయో! కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఏడాదికి నాలుగు పెద్ద తగ్గింపు అమ్మకాలు ఉంటాయి, పాత భాగాలు తరచూ సగం ధరకే దొరుకుతాయి. ఈ ఆటల అభిమానులకు ఎదురుచూపు కొత్త కాదు. 2010లో జపాన్‌లో వచ్చిన ‘ట్రెయిల్స్ ఫ్రమ్ జీరో’ అధికారికంగా ఇంగ్లీషులో 2022లో గాని రాలేదు.

ప్లేస్టేషన్ కన్సోల్ అయితే ఇప్పుడు అసలే వద్దు. ‘స్కై’ మూడో భాగం 2017లో ఇంగ్లీషులో పీసీకి మాత్రమే వచ్చింది. అంత డబ్బు పోసి కొన్న పెట్టెలో ఆ భాగం ఆడలేరు. పాత ‘స్కై’ మూడు భాగాలూ మీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. 2025లో వచ్చిన మొదటి భాగం కొత్త రూపం బాగుంటుంది కానీ దానికి పాతదాని కన్నా బలమైన కంప్యూటర్ కావాలి. పాతదే చాలు.

కార్డు బాకీ తీరాక నెలకు 1,900 మిగులుతుంది కదా. అందులో 1,400 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 27 నెలలకు వడ్డీతో కలిపి మీరు తీసిన 38,000 తిరిగి నిండుతుంది, అప్పటికి మీ 13 ఆటలూ ముగియవస్తాయి. మిగతా 500 ఆటలకు. మొదటి భాగం కథ నడిమధ్యలో ఆగిపోతుంది, రెండో భాగం కొనకుండా ఉండలేరు. కాబట్టి ఆ రెండింటినీ ఒకే ఖర్చుగా రాసుకోండి. ఆ తర్వాత మాత్రం ఒకటి ముగించాకే మరొకటి. ఖాతాలో ఆట డబ్బు లేకపోతే వచ్చే అమ్మకం దాకా ఆగండి.

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆట నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఆ రెండు గంటలు చాలవు కానీ, మీ ల్యాప్‌టాప్ మీద సరిగా నడుస్తోందో లేదో తెలుస్తుంది. చెల్లింపు యూపీఐతో చేయండి. ఈ వారమే బ్యాంకు యాప్ తెరిచి, కార్డు బిల్లు ఆటో పే ‘కనీస మొత్తం’ అని ఉంటే ‘పూర్తి మొత్తం’గా మార్చండి.