నాణేలు కడగకు తల్లీ

విన్నిపెగ్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోనులో ఊరి కబుర్లన్నీ చెప్పి, చివర్లో మాటవరసకన్నట్టు నీ సంగతి బయటపెట్టింది. నువ్వు కెనడా నాణేలు సేకరించడం మొదలుపెట్టావట. టోకెన్లు, పతకాలు కూడా చూస్తున్నావట. జీతం చేతికి రాగానే ఇంటర్నెట్‌లో ఒక 1948 వెండి డాలర్ చవకగా దొరికిందని కొనేశావట. మన ఇంట్లో ఈ అభిరుచి నాతోనే ఆగిపోతుందేమో అనుకుంటూ ఉన్నవాణ్ణి. ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ ఆ "చవకగా" అన్న మాట విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. పుస్తకం లేకుండా నాణెం కొనకు, కెనడా నాణేల వివరాలుండే చార్ల్‌టన్ కేటలాగు ఒకటి దగ్గర పెట్టుకో. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తు, కింద మెత్తని గుడ్డ పరుచుకో. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో దాచకు, కొన్నేళ్లకు నాణెం మీద ఆకుపచ్చని జిగట పడుతుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు, ఒక భూతద్దం, ఒక అయస్కాంతం కొనుక్కో. అయస్కాంతం ఎందుకని నవ్వకు. 1968లో వచ్చిన పాతిక సెంట్ల నాణేల్లో కొన్నిటిలో సగం వెండి, మిగతావి నికెల్. కంటికి రెండూ ఒకటే. అయస్కాంతానికి నికెల్ అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు.

మీ ఒట్టావాలోనే బ్యాంక్ ఆఫ్ కెనడా మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. ససెక్స్ డ్రైవ్‌లో టంకశాల ఉంది. 1908 జనవరి 2న లండన్ రాయల్ మింట్‌కు శాఖగా మొదలై, 1931లో రాయల్ కెనేడియన్ మింట్ అయింది. అంతకు ముందు కెనడా నాణేలు లండన్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోని హీటన్ కార్ఖానాలోనో తయారై ఓడల్లో వచ్చేవి. ఈ రెండు చోట్లా తీరిగ్గా తిరిగి, అసలైనవి కళ్లారా చూశాకే మళ్లీ డబ్బు తీయి. ఇంకొక మాట. నాణెం చూపిస్తాను రమ్మని ఎవరో ఏ దుకాణం వెనకకో, పార్కింగ్ స్థలానికో పిలిస్తే ఒంటరిగా వెళ్లకు. పట్టపగలైనా సరే. ఈ విషయంలో నాతో వాదించకు.

ఇక నీ డాలర్. 1948 డాలర్లు అచ్చయినవి 18,780 మాత్రమే. అలాంటిది ఎవరైనా చవకగా ఇస్తారా తల్లీ? ఒకసారి తూచి చూడు. 23.3 గ్రాములు ఉండాలి. అడ్డంగా 36 మిల్లీమీటర్లు. నూటికి 80 పాళ్లు వెండి, మిగిలింది రాగి. తూకం తేడా వస్తే అక్కడితో సరి. తూకం సరిపోయినా, రాజు బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలు చదువు. అక్కడ "ఇండ్ ఇంప్" అని కనిపిస్తే అది 1948 డాలర్ కాదు, ఎవరో 1946లోని చివరి అంకెను దిద్ది ఉంటారు.

ఆ రెండు పొడి మాటల వెనక ఉన్నది మన కథే. నాకు ఈ నాణేల మీద ప్రేమ పుట్టింది అక్కడే. "ఇండ్ ఇంప్" అంటే లాటిన్‌లో భారత చక్రవర్తి. 1947 దాకా ఆరో జార్జి బొమ్మ ఉన్న ప్రతి కెనడా నాణెం మీదా, ఒక్క సెంటు మీద కూడా, ఆ బిరుదు ఉండేది. 1947 ఆగస్టులో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. రాజు ఇక ఆ బిరుదు వదులుకోవాలి. కాబట్టి కెనడా నాణేల మీద అక్షరాలు మార్చాలి, కొత్త అచ్చులు లండన్ నుంచి రావాలి. అవి 1948లో చాలా నెలలు రాలేదు. ఇక్కడేమో చిల్లరకు కటకట. చేసేది లేక టంకశాలవాళ్లు పాత అచ్చులతోనే, 1947 అన్న అంకెతోనే నాణేలు కొట్టి, అవి ఆ తర్వాతి ఏడాదివని తెలియడానికి తేదీ పక్కన ఒక చిన్న మేపుల్ ఆకు చేర్చారు. కొత్త అచ్చులు ఆలస్యంగా వచ్చాయి కాబట్టే 1948 డాలర్లు అంత తక్కువ.

ఆ ఆకు గుర్తున్న ఒక్క సెంటు నాణెం నువ్వు ముందు కొనుక్కో. ఖరీదేమీ ఉండదు. భూతద్దం కింద పెట్టు. 7 అంకె పక్కన, గోరుతో గీస్తే తగిలేటంత చిన్న ఆకు. బొమ్మ వైపు తిప్పితే, అప్పటికే మన జెండా ఎగిరి నెలలు గడిచినా, ఇంకా భారత చక్రవర్తినని చెప్పుకుంటున్న రాజు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, మాట్లాడేందుకు మనవాళ్లు ఎవరూ లేని చలికాలంలో, ఆ ఆకు సంగతి చదివి నాణేన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఇంత దూరదేశపు చిల్లరలో మన ఊసు ఉందంటే ఏదో బంధుత్వం కలిసినట్టు అనిపించింది. నీకూ ఒట్టావాలో మొదటి చలికాలం ఇదే కదా. సాయంత్రాలు ఇలాంటి వాటితో గడిచిపోతే నాకంటే సంతోషించేవాళ్లు లేరు. రాత్రి రెండింటిదాకా ఫోనులో వేలంపాటలు చూస్తూ కూర్చోకు. తిన్నావా లేదా అని అడిగేవాళ్లు అక్కడ లేరు.

ఇప్పుడు అసలు విషయం. ఇంటికి తెచ్చిన నాణేన్ని కడగకు. తోమకు. మెరుగు పెట్టకు. ఎవరెన్ని చెప్పినా సరే.

ఎందుకో చెబుతాను, కానీ ఈ సంగతి మీ అమ్మ చెవిన పడకూడదు. నువ్వు ఇంకా పుట్టలేదు. మీ అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చింది, శ్రావణ మాసం. దానికి కొద్దిరోజుల ముందే, ఊరి బయట ఒక రైతు పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే, వాళ్లబ్బాయి దగ్గర ఒక రేకు డబ్బా కొన్నాను. నిండా రాగి టోకెన్లు, పాత సెంట్లు. ఎక్కువగా అప్పర్ కెనడా బ్యాంకు పెన్నీలు, అరపెన్నీలు. ఆ రోజుల్లో చిల్లర చాలక బ్యాంకులే సొంతంగా ఈ టోకెన్లు వేయించి చెలామణి చేసేవి. 1850, 1852, 1854, 1857 అని తేదీలు ఉంటాయి. ఒకవైపు గుర్రం మీద సెయింట్ జార్జి, కాళ్ల కింద డ్రాగన్. చేతులు మారీ మారీ ముదురు చాక్లెట్ రంగుకు తిరిగాయి. ఆ రంగులో గుర్రం జూలు, డ్రాగన్ రెక్కల గీతలు ఎంత స్పష్టంగా కనిపించేవో. ప్రతిదీ ఒక చిన్న గోధుమరంగు కవరులో ఉంది. కవరు మీద పెన్సిలుతో ఆ రైతు రాసుకున్న మాటలు. ఒకటి ఒంటారియోలో తాత ఇంటి పెరట్లో తవ్వుతుంటే దొరికింది. ఇంకొకటి అమ్మమ్మ కుట్టుపెట్టె అడుగున ఉన్నది. నేను పైపైన నాలుగైదు చదివి, మిగతావి సెలవు రోజున తీరిగ్గా చూద్దామని డబ్బాను వంటింటి బల్ల మీద పెట్టి పనికి వెళ్లాను.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. మీ అమ్మ పూజసామాను తోముకుంటూ ఈ నల్లటి బిళ్లలు చూసింది. అన్నయ్య ఇష్టంగా తెచ్చుకున్నాడు, పాపం తోముకునే తీరిక లేనట్టుంది అనుకుంది. చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, ఒక్కొక్కటీ రెండు వైపులా రుద్ది, వేడినీళ్లతో కడిగి, తుండుగుడ్డ మీద వరుసగా ఆరబెట్టింది. తడిసిన కవర్లు చెత్తబుట్టలో వేసింది. నేను వచ్చేసరికి చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది.

తలుపు తీస్తూనే "చూడు అన్నయ్యా, కొత్తవాటిలా ఎలా మెరుస్తున్నాయో" అంది. ముఖమంతా నవ్వు. చింతపండులోని పులుపు రాగి మీది పొరను పూర్తిగా తినేసింది. నూరేళ్లకు పైగా గాలి, చేతి చెమట కలిసి కట్టిన పొర అది, దాని కింద లోహాన్ని కాపాడేది కూడా అదే. ఇప్పుడు అన్నీ పచ్చి గులాబిరంగులో ఉన్నాయి. డ్రాగన్ రెక్కల గీతలు ఉప్పు రాపిడికి మొద్దుబారాయి. నెల తిరక్కుండా మచ్చలు మచ్చలుగా నల్లబడ్డాయి. తర్వాత ఒక వర్తకుడికి చూపిస్తే భూతద్దం బయటికి కూడా తీయలేదు.

డబ్బు సంగతి వదిలేయి. అప్పర్ కెనడా టోకెన్లు ఈనాటికీ విరివిగా దొరుకుతాయి, నువ్వు మొదలుపెట్టడానికి అంతకంటే మంచివి లేవు. తిరిగి రానివి ఆ కవర్లు. ఏ పెరట్లో దొరికిందో, ఎవరి కుట్టుపెట్టెలోదో ఇప్పుడు చెప్పగల మనిషి ఈ భూమ్మీద లేడు. మీ అమ్మతో మాత్రం చాలా బాగున్నాయన్నాను. తెల్లవారి అమ్మవారి ముందు పళ్లెంలో వాటినే పోసి పూజ చేసింది. ఆ టోకెన్లు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వను.

కాబట్టి నల్లబడిన వెండిని వంటసోడాలో, అల్యూమినియం రేకులో ముంచమని ఎవరు చెప్పినా వినకు. ఏది కొన్నా దానితోపాటు వచ్చిన కాగితం, కవరు, డబ్బా, రసీదు ఏదీ పారేయకు. అమ్మినవాళ్లను అడుగు, ఇది మీకెక్కడిదని. వాళ్లు చెప్పింది ఆ రోజే రాసి పెట్టు.

టోకెన్లలో ముందుకు వెళితే, ఒకప్పుడు జంతువుల తోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ ఇత్తడి బిళ్లలు కనిపిస్తాయి. బాగా తయారుచేసిన ఒక పెద్ద బీవరు తోలు విలువే వాటికి లెక్క, అందులో సగం, పావు, అరపావుకూ వేరే బిళ్లలున్నాయి. "మేడ్ బీవర్" అన్న మాటకు ఎం బీ అని చెక్కాల్సింది, అచ్చు చెక్కినవాడు ఎన్ బీ అని చెక్కాడు. అదే చెలామణి అయింది. నకిలీలు ఉన్నాయి, తొందరపడకు. టోకెన్ల వర్తకులు బ్రెటన్ నంబర్లు చెబుతారు. 1894లో బ్రెటన్ అనే ఆయన వేసిన కెనడా నాణేల, టోకెన్ల జాబితాలోని నంబర్లు అవి, తెలుసుకుని వెళ్లు.

పతకాల దగ్గర ఇంకా నిదానం కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైనికులకు ఇచ్చిన పతకాల అంచు మీదో, వెనకవైపో నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ పేరు పట్టుకుని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో వెతికితే, డిజిటల్ చేసిన 6 లక్షలకు పైగా సైనికుల ఫైళ్లలో అతని ఫైలు దొరకవచ్చు. ఎత్తు, కళ్ల రంగు, తల్లిదో మరో దగ్గరి బంధువుదో చిరునామా కూడా ఉంటాయి. రెండో యుద్ధానికి ఇచ్చిన కెనడా పతకాల మీద మామూలుగా పేర్లు చెక్కలేదు కాబట్టి, అవి పెట్టె నుంచి, ఉత్తరం నుంచి విడిపోతే ఎవరివో ఇక తెలియదు. విడదీసి అమ్మేవాళ్ల దగ్గర కొనకు.

మూలవాసుల పెద్దలకు కెనడా ప్రభుత్వం భూముల ఒప్పందాల వేళ ఇచ్చిన పతకాల జోలికి అసలు పోకు. మా విన్నిపెగ్ దగ్గర లోయర్ ఫోర్ట్ గ్యారీలో 1871లో మొదటి ఒప్పందం జరిగింది. అప్పుడిచ్చిన పతకాన్ని 1873లో మూడో ఒప్పందం చర్చల్లో ఒక పెద్దాయన అందరి ముందూ పైకెత్తి, కత్తి వెనకవైపుతో కొట్టాడు. వెండి అన్నారు, వెండి మోత రాలేదు. దీన్ని గుండె మీద పెట్టుకోవడానికి నాకు సిగ్గేస్తుంది, ఇంత నాసిరకం లోహం మీద రాణి బొమ్మ ఉంటే ఆమెకే అవమానం అన్నాడు. అక్కడున్న ప్రతి ఒక్కరూ సిగ్గుపడ్డారని అప్పటి నివేదికే చెబుతుంది. ఆ పతకాలు ఉండవలసిన చోటు ఆ ప్రజల దగ్గర, నీ ఆల్బంలో కాదు.

చివరిగా, మీ అమ్మ నవ్వుతూ చెప్పిన ఒక మాటకు నా గుండె ఆగినంత పనైంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మమ్మ పెట్టెలోని చార్మినార్ రూపాయలు సూట్‌కేసులో వేసుకొస్తానన్నావట. వద్దు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించడం నేరం. అమ్మమ్మవాటిలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంవి ఉన్నాయి, ఆయన పోయిందే 1911లో. వాటి మీద ఉన్నది హిజ్రీ సంవత్సరం, చూసి పొరపడతావు. విమానాశ్రయంలో ఆడపిల్లవు ఒంటరిగా నిలబడి సమాధానం చెప్పుకునే పరిస్థితి నాకు తలుచుకోవడానికే వణుకు.

వాటిని అక్కడే ఉండనీ. ఒక నోటుపుస్తకం పట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చో. ఏ రూపాయి ఎవరిచ్చారు, ఏ పెళ్లిలో వచ్చింది, ఏది తాతయ్య మొదటి పంట డబ్బు, ఒక్కొక్కటీ అడిగి రాసుకో. అమ్మమ్మకు మధ్యాహ్నం నిద్ర లేచాక జ్ఞాపకం బాగుంటుంది, అప్పుడే అడుగు. తొందరపెట్టకు. రాసింది నాకూ ఒక ప్రతి పంపు.

డాలర్ తూకం ఎంత వచ్చిందో రేపే ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య