తలుపు చప్పుడుకే గుండె దడ... చిన్నప్పటి భయం పోవడం లేదు!

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పుడు నాన్న బెల్టుతో కొట్టేవారు. ఆయన చెప్పుల చప్పుడు వినగానే మంచం కింద దూరేదాన్ని. నా భర్త నెమ్మదస్తులు. అయినా ఆయన తలుపు కాస్త గట్టిగా వేస్తే గుండె దడదడలాడుతుంది. నిద్ర పట్టదు. మొన్న ఐదేళ్ల బాబు మీద చెయ్యెత్తాను. వాడు మొహానికి చేతులు అడ్డం పెట్టుకోవడం చూసి ఆగిపోయాను. అమ్మేమో ‘ఎప్పటి సంగతో, మర్చిపో’ అంటుంది.

జవాబు: మర్చిపోలేకపోవడం మీ తప్పు కాదమ్మా. మంచం కింద దాక్కున్న ఆ పిల్లకి, అడుగుల చప్పుడును బట్టి నాన్న ఏ కోపంలో వస్తున్నారో కనిపెట్టడం అవసరం. ఏళ్ల తరబడి అలా కాపలా కాసిన మెదడు, ఇల్లు మారినంత మాత్రాన కాపలా మానదు. తలుపు వేసింది మీవారేనని మీకు తోచేలోపే, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఒంటినంతా హడలగొట్టేస్తుంది. దడ, నిద్రలేమి అందుకే.

చిన్ననాటి చేదు అనుభవాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు పెరుగుతుందని 1998లో అమెరికా డాక్టర్లు ఫెలిట్టి, అండా బృందం చూపించింది. ముప్పు ఉన్నంత మాత్రాన అందరికీ అలా జరగదు. దెబ్బలు తిన్నవాళ్లు తమ పిల్లల్ని కొట్టి తీరతారన్న మాటా నిజం కాదు. మీ చెయ్యి ఆగింది కదా!

బాబుని దగ్గర కూర్చోబెట్టుకుని, ‘నిన్ను భయపెట్టాను నాన్నా, తప్పు నాదే’ అని చెప్పండి. ఆ మాట మీ చిన్నప్పుడు మీకెవరూ చెప్పి ఉండరు. మళ్లీ కోపం ముంచుకొస్తే, వాడిని మీవారికి అప్పగించి కాసేపు పక్క గదిలోకి వెళ్లండి.

జరిగింది తప్పని అమ్మ ఒప్పుకునేదాకా ఆగొద్దు. ఆనాడు ఆపలేకపోయానన్న బాధ ఆమెకీ ఉండొచ్చు, కానీ దాన్ని మీరు మోయక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టుని కలవండి. ఇలాంటి గాయాలకు చికిత్స చేసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్స), ఈఎండీఆర్ (చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) చాలామందికి పనిచేస్తాయి. మొదటి రోజే కథంతా చెప్పనక్కర్లేదు. డిప్రెషన్ కూడా ఉంటే, అవసరాన్ని బట్టి సైకియాట్రిస్టు మందులిస్తారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అప్పటికప్పుడే మీవారితో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

తలుపు సంగతి ఆయనకి తెలుసా? తెలియకపోతే ఈ రాత్రే చెప్పండి.