మూలకణ మార్పిడి సమయంలో పిల్లల నోట్లో పుళ్లు పడితే ఏం చేయాలి?

విజయవాడ పటమట నుంచి అడిగిన అమ్మగారికి నమస్కారం. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు) ఉన్న మీ అయిదేళ్ల పాపకు వచ్చే నెలలో మూలకణ మార్పిడి, అంటే దాత నుంచి తీసిన, రక్తాన్ని తయారుచేసే కణాలను ఎక్కించే చికిత్స, చేయబోతున్నారని, నోరంతా పుళ్లు పడతాయని డాక్టర్లు ముందే చెప్పారని రాశారు. ఇంటి వైద్యం ఏదైనా పనికొస్తుందా, నొప్పికి మార్ఫిన్ అనే బలమైన మందు ఇస్తామంటే ఒప్పుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. మాది గుంటూరు. మా బాబుకు ఇదే జబ్బుకు ఇదే చికిత్స హైదరాబాద్‌లో జరిగింది. నేను డాక్టరును కాను. వార్డులో తల్లిగా చూసినవి, నర్సుల దగ్గర నేర్చుకున్నవి మాత్రమే రాస్తున్నాను.

మార్ఫిన్ సంగతి ముందు చెబుతాను, మిగతావన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి కనుక. మార్పిడికి ముందు ఇచ్చే కీమో మందులు ఎముకల్లో రక్తం తయారయ్యే మజ్జను ఖాళీ చేస్తూనే, మజ్జలాగే త్వరత్వరగా పుట్టే నోటి లోపలి పొరను కూడా దెబ్బతీస్తాయి. అందువల్ల కీమో మొదలైన వారం పదిరోజులకు నోరు ఎర్రబడి, తర్వాత పుళ్లు పడి, కొత్త మజ్జ కుదురుకుని తెల్లకణాలు పెరిగే దాకా అవి పూర్తిగా మానవు. దాత కణాలు బిడ్డ ఒంటిమీద దాడి చేయకుండా మార్పిడి తర్వాత 1, 3, 6, 11 రోజుల్లో మెథోట్రెక్సేట్ ఇచ్చే పద్ధతి ఉన్నచోట పుళ్లు ఇంకా ముదురుతాయి. ఆ రోజుల్లో మా బాబు ఉమ్ము కూడా మింగలేక, తీగలు సాగే చొంగను గిన్నెలోకి కార్చుకుంటూ, ఏం కావాలన్నా వేలితోనే చూపించేవాడు. అంత నొప్పితో ఉన్న బిడ్డ నోరు తెరవమంటే తెరవదు. తెరవకపోతే శుభ్రం చేయలేము. శుభ్రం చేయకపోతే రక్తకణాల సంఖ్య (కౌంట్లు) అడుగంటిన ఒంట్లోకి ఆ పుళ్ల గుండానే క్రిములు దిగి రక్తంలో చేరతాయి. కాబట్టి నొప్పి మందును కూడా చికిత్సలో భాగంగానే చూడండి. అలవాటు పడిపోతుందేమోనని మా ఇంట్లోనూ పెద్దవాళ్లు భయపడ్డారు. పంపు ద్వారా కొలిచి ఇస్తారు, ఊపిరిని కనిపెడుతూ ఉంటారు, పుళ్లు మానే కొద్దీ మోతాదు తగ్గించి ఆపేస్తారు. మలబద్ధకం, దురద, మగత రావచ్చు, వాటికీ మందులున్నాయి. నొప్పి ఎంతుందో చెప్పలేని పిల్లలకు నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపించి అడుగుతారు. ఆ బొమ్మలను ఇప్పుడే ఆటగా నేర్పించండి.

నోటి శుభ్రత నొప్పి మందు పనిచేస్తున్న సమయంలో చేయాలి. బాగా మెత్తని బ్రష్షు వాడాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా నర్సులు బ్రష్షు మాన్పించి, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతోనో స్పాంజి పుల్లతోనో తుడవమంటారు. పుక్కిలించడం రాని వయసుకు అదే దారి. పెదవులు పగలకుండా వార్డులో ఇచ్చిన లేపనం రాయండి. ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌ల జోలికి పోవద్దు.

ఇక ఇంటి వైద్యం. మా అత్తగారు వెలిగారం పొంగించి తేనెలో కలిపి రాయమన్నారు, పక్కింటివారు జామ చిగుళ్లు నమిలించమన్నారు. వాళ్ల ప్రేమను కాదనలేం కానీ, వెలిగారం మింగితే పిల్లలకు విషం. పచ్చి ఆకుల్లో, పచ్చి తేనెలో ఉండే క్రిములు ఆ సమయంలో ప్రమాదకరం. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే నోటిపూత జెల్‌లు కూడా వద్దు: కొన్నింటిలో ఉండే కోలిన్ శాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానిది, మరికొన్నింటిలో ఉండే బెంజోకైన్ చిన్నపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించగలదు. నోట్లో ఏది పెట్టాలన్నా డాక్టరును అడిగాకే పెట్టండి.

ఐసు చప్పరించడం గురించి మీరు వినే ఉంటారు. మెల్ఫలాన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నంతసేపూ, కాస్త ముందూ వెనకా ఐసు ముక్కలు నోట్లో ఉంచితే రక్తనాళాలు ముడుచుకుని, నోటి పొరకు చేరే మందు తగ్గుతుంది. మీ పాపకు వేరే మందులైతే దానివల్ల పెద్దగా లాభం ఉండకపోవచ్చు. తక్కువ శక్తి లేజర్ కాంతిని నోటిలోపల పట్టే చికిత్స నొప్పి లేనిది, పుళ్ల తీవ్రతను తగ్గించేది; అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు కనుక మీ చోట ఉందో లేదో అడగండి.

తిండి విషయంలో పట్టుబట్టకండి. మింగగలిగినన్నాళ్లు చల్లార్చిన మెత్తని జావ, అప్పుడే వండి చల్లార్చిన పప్పుకట్టు పెట్టవచ్చు. ఆ తర్వాత ముక్కు గొట్టం ద్వారానో రక్తనాళం ద్వారానో పోషణ ఇస్తామంటే బెదిరిపోవద్దు.

ఈ నెలలోనే చేయించవలసిన పని ఒకటుంది. పాపను దంతవైద్యుడికి చూపించి పుచ్చిన పళ్లకు వైద్యం, ఊగుతున్న పాలపళ్ల సంగతి తేల్చుకోండి. ఆ పనికి ముందు మార్పిడి డాక్టరుతో మాట్లాడాలి.

వార్డులో ఉండగా పెరుగు తరకల్లాంటి తెల్లని పొర, ఆగని రక్తం, ఊపిరిలో గురక శబ్దం కనిపిస్తే వెంటనే నర్సును పిలవండి. ఇంటికొచ్చిన కొన్ని నెలలకు నోట్లో తెల్లని వలలాంటి గీతలు, పొడిబారడం, మామూలు కూర కూడా మండడం మొదలైతే అది దాత కణాల వల్ల వచ్చే సమస్య కావచ్చు. మన ఊళ్ల కారం వల్లేనని సరిపెట్టుకోకుండా మార్పిడి చేసిన డాక్టరుకే చూపించండి.