కీబోర్డ్ ఫోన్ కొనబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పాడు. ఉద్యోగం మానేసి సొంతంగా అకౌంట్లు చూసే ఆఫీసు పెడుతున్నావని ఒకటి. ఆ పనికోసం బటన్ల కీబోర్డ్ ఉన్న ఫోన్, అదీ ఎవరో వాడిన బ్లాక్‌బెర్రీ కీ2, చూసి పెట్టుకున్నావని ఇంకొకటి. మొదటిది విని పొంగిపోయాను. మన ఇంట్లో సొంత బోర్డు పెట్టుకున్న ఆడపిల్లవి నువ్వే మొదట. రెండోది విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ కోసం ఇంత టెన్షన్ ఏమిటని మీ పెద్దమ్మ అడగలేదు. ఎందుకో ఆమెకు తెలుసు. నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

బటన్లంటే నీకెందుకు ఇష్టమో నాకు తెలుసు. ఆ ఇష్టం అంటించింది నేనే. 2008లో నేను నోకియా ఈ71 కొన్నప్పుడు నువ్వు ఒకటో తరగతి. ఆఫీసు నుంచి రాగానే జేబులోంచి లాక్కుని, నోట్స్ తెరిచి, నీ పేరు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టేదానివి. ఆ చిన్న వేళ్ళకు ఆ బటన్లు సరిగ్గా సరిపోయేవి. అన్నం కలిపి పెడుతుంటే కూడా కళ్ళు ఎత్తేదానివి కాదు.

బటన్ల మీద కొట్టే సుఖం వేరని నేనూ ఒప్పుకుంటాను. గాజు మీద కొట్టేటప్పుడు కన్ను వేలి వెంట ఉండాలి. బటన్ మీదయితే వేలికే తెలుస్తుంది, కన్ను రాసే మాట మీద ఉంటుంది. గాజు కీబోర్డ్ తెరుచుకుంటే తెర దాదాపు సగం పోతుంది. పైన వచ్చిన ఉత్తరం చదువుకుంటూ కింద జవాబు రాయాలంటే ఇరుకు. కీ2లోనూ, దానికి ముందు వచ్చిన కీవన్‌లోనూ ఇంకో సౌకర్యం ఉండేది. ఇరవై ఆరు అక్షరాలకూ ఒక్కో షార్ట్‌కట్, ఎక్కువసేపు నొక్కితే ఇంకోటి, మొత్తం 52 పెట్టుకోవచ్చు. స్పేస్ బటనే వేలిముద్ర చూసేది. అలవాటైన మనిషికి చెయ్యి విరిచినట్టుంటుంది ఆ ఫోన్ వదలాలంటే. నాకూ అలాగే ఉండింది.

అయినా ముందు నీ పని సంగతి చూడు. నువ్వు రాసేది ఎక్కువగా అంకెలు. బ్లాక్‌బెర్రీ కీబోర్డ్‌లో అంకెలకు విడి వరస లేదు. డబ్ల్యూ, ఈ, ఆర్ మీద ఒకటి, రెండు, మూడు. ఎస్, డీ, ఎఫ్ మీద నాలుగు, ఐదు, ఆరు. మాటల మధ్యలో అంకె కావాలంటే ఆల్ట్ నొక్కాలి. పొడుగాటి ఈమెయిల్ రాసేవాళ్ళకు అది దేవుడిచ్చిన వరం. రోజంతా బిల్లు మొత్తాలు కొట్టేదానికి అంత వరం కాదు. తెలుగులో రాయాలన్నా అంతే. గాజు మీద భాష మార్చితే అక్షరాలు మారతాయి, అచ్చువేసిన బటన్ మీద మారవు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకోవాల్సిందే. నువ్వు క్లయింట్లతో ఏ భాషలో, ఎంత పొడుగు మాట్లాడతావో నాకంటే నీకే బాగా తెలుసు. ఒక వారం లెక్క పెట్టుకో.

ఇక నా సంగతి. మీ నాన్న ఇన్నాళ్ళూ నీకు చెప్పి ఉండడు.

నేను సరుకు రవాణా కాగితాలు చూసే చిన్న ఆఫీసు నడిపిన రోజులు గుర్తున్నాయి కదా. నేను, ఇద్దరు కుర్రాళ్ళు. ఈ71 తర్వాత ఇంకో కీబోర్డ్ ఫోన్ కొన్నాను. ఏ కంపెనీదో వద్దులే. బటన్లు చూసి కొన్నాను, ఇంకేమీ చూడలేదు. రెండేళ్ళకు దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆగిపోయాయి. మా కుర్రాడొకడు చెప్పాడు కూడా. ఫోన్ పనిచేస్తూనే ఉంది కదా, దానికి వచ్చిన నష్టమేమిటి అన్నాను. మూడో ఏడు బటన్లు పాడవడం మొదలైంది. ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది. తెర కింద ఒక మూల నల్లబడింది. రిపేరుకు ఇస్తే సామాను దొరకదన్నారు. పాత ఫోన్లలోంచి తీసింది వేసి చూస్తానన్నాడు రిపేరు చేసేవాడు. సరే అన్నాను. మర్నాటికి ఫోన్ చచ్చిపోయింది.

ఫోన్ పోతే పోయింది, సిమ్ తీసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు అనుకున్నాను. వేసుకున్నాను కూడా. ఆఫీసు మెయిల్ తెరవబోతే ఆరంకెల కోడ్ అడిగింది. ముప్ఫై సెకన్లకోసారి మారే కోడ్, చచ్చిపోయిన ఆ ఫోన్‌లో మాత్రమే వచ్చేది. మెసేజ్‌లో కోడ్ వచ్చే పద్ధతి నేనే తీసేశాను. సిమ్ దొంగిలించి మోసం చేస్తారని ఎక్కడో చదివి, క్షేమం కదా అని తీసేశాను. ఆ పని తప్పు కాదు. కానీ అదే రోజు తెర మీద పది కోడ్లు చూపించి, ఫోన్ పోతే ఇవే దిక్కు, రాసి దాచుకోమంది. కింద రెండు బటన్లు ఉన్నాయి. నేను "తర్వాత" అన్నది నొక్కాను. భోజనానికి పిలుస్తున్నారని నొక్కాను. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ తెర కనిపిస్తుంది.

ఎనిమిది రోజులు, బుజ్జీ. నేనే ఆ మెయిల్ ఓనర్నని రుజువు చేసుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఫోన్‌లో ఉన్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని రహస్య లిపిలో, ఉంది కాబట్టి బయటికి తీయడం ఎవరివల్లా కాలేదు. ఆ ఎనిమిది రోజులూ ఒక వ్యాపారి సరుకు రేవులో పడి ఉంది. దాన్ని విడిపించే కాగితం నా మెయిల్‌లోనే ఉంది, నాకు కనిపించదు. పంపినవాళ్ళని మళ్ళీ పంపమంటే, కొత్త అడ్రస్‌కి పంపమని అడుగుతున్నది నిజంగా మీరేనా అని అనుమానపడ్డారు. వాళ్ళ అనుమానంలోనూ న్యాయం ఉంది. సరుకు ఆలస్యంగా విడిపించినందుకు కట్టే డెమరేజ్ రోజు రోజుకీ పెరిగింది. ఆయనకు కూతురి పెళ్ళి పెట్టుకున్న నెల అది. ఆ డెమరేజ్ మొత్తం నేనే కట్టాను. నా దగ్గర లేకపోతే మీ నాన్న తెచ్చి ఇచ్చాడు. ఎక్కడినుంచి తెచ్చావని అడిగితే చెప్పలేదు. ఆ ఏడు మీరు కొత్త ఇంటికి మారడం ఆగిపోయింది. నువ్వు అలిగి రెండు రోజులు తిండి మానేశావట. కారణం నేను.

అందుకే నువ్వు కీ2 అనగానే నా గుండె జారింది. అది 2018లో ఆండ్రాయిడ్ 8.1తో వచ్చింది. ఆ తర్వాతి పెద్ద వెర్షన్ ఒక్కటీ దానికి రాలేదు. తయారుచేసిన టీసీఎల్ 2020 ఆగస్టు 31తో బ్లాక్‌బెర్రీ పేరు మీద ఫోన్లు అమ్మడం ఆపేసింది. అదే నెలలో ఆన్‌వర్డ్ మొబిలిటీ అనే కంపెనీ 5జీ కీబోర్డ్ ఫోన్ తెస్తానంది. తేకుండానే 2022 ఫిబ్రవరిలో మూతపడింది. అంతకు ముందు నెల, జనవరి 4న, పాత బ్లాక్‌బెర్రీ ఓఎస్, బ్లాక్‌బెర్రీ 10 ఫోన్ల వెనకున్న సర్వీసులను బ్లాక్‌బెర్రీ ఆపేసింది. ఇకమీదట వాటిలో కాల్స్, మెసేజ్‌లు కూడా నమ్మకంగా పనిచేయవని కంపెనీయే చెప్పింది. కీ2 ఆండ్రాయిడ్‌ది కాబట్టి ఆ దెబ్బ దానికి తగల్లేదు. కానీ ఏళ్ళ తరబడి ప్యాచ్, అదే సెక్యూరిటీ అప్‌డేట్, పడని ఫోన్‌లో పదిమంది ఆదాయ లెక్కలు పెట్టుకుని తిరుగుతావా? వాళ్ళు నిన్ను నమ్మి ఇచ్చే కాగితాలమ్మా అవి. సీలు విప్పనిదే దొరికిందంటావేమో. పెట్టెలో ఉన్నా బ్యాటరీకి వయసు ఆగదు. పైగా ఆ బ్యాటరీ మనం ఊడదీసి మార్చుకునేది కాదు.

కోపంగా రాశాను. ఎదురుగా ఉంటే ఇంతలా అనేవాణ్ణి కాదు.

కీబోర్డ్ ఫోనే వద్దని అనడం లేదు. ఇప్పుడు తయారవుతున్నది కొనుక్కో. యూనిహెర్ట్జ్ అనే కంపెనీ 2025లో టైటాన్ 2 అనే కీబోర్డ్ ఫోన్ తెచ్చింది. చతురస్రపు తెర, 5జీ, ఆండ్రాయిడ్ 15. కొనేముందు అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో చూడు. వాళ్ళ ఇదివరకటి ఫోన్లకు ఎన్ని ఇచ్చారో కూడా చూడు, మాట కంటే అదే నమ్మకం. చతురస్రపు తెర మీద కొన్ని యాప్‌లు ఇమడక కింది బటన్లు దాగిపోతాయి. నువ్వు రోజూ వాడే బ్యాంక్ యాప్, లెక్కల యాప్ దాని మీద తెరిచి చూశాకే డబ్బు కట్టు. బరువు కూడా చేతిలో పట్టుకుని చూడు. వాళ్ళ మొదటి టైటాన్ 300 గ్రాములు దాటింది.

ఐఫోన్ వాడితే ఇంకో దారి ఉంది. క్లిక్స్ అని, 2024 జనవరిలో ప్రకటించారు. కీబోర్డ్ ఉన్న కేస్, ఫోన్‌కు తొడుక్కోవడమే. ఫోన్ పొడుగవుతుంది, కింద బరువు లాగుతుంది. కానీ కీబోర్డ్ పాడైతే కేస్ పోతుంది, ఫోన్ పోదు. అప్‌డేట్లు ఫోన్ కంపెనీవే. నా మనసు ఇటే మొగ్గుతోంది. భయస్తుడి లెక్క అనుకున్నా సరే.

చిన్న చిన్నవి కొన్ని. పని ఫోన్, ఇంటి ఫోన్ వేరుగా ఉంచుకో. కాల్స్ 4జీ మీద వెళ్తాయో లేదో, అంటే వోల్టీ నీ నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో లేదో అడుగు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ నెలకోసారి చూడు. ఆ తేదీ కదలడం మానేసిన రోజు నుంచే కొత్త ఫోన్‌కు డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టు. పాత ఫోన్ చెరిపి ఎవరికీ ఇచ్చేయకు, కొత్తదాంట్లో కోడ్లు వస్తున్నాయని చూసుకునేదాకా దగ్గరే ఉంచుకో.

నా ఈ71 పార్సిల్లో పంపుతున్నాను. దాని బ్యాటరీ ఊడదీసి విడిగా చుట్టాను, చూసి వేసుకో. సిమ్ వేయకు, మెయిల్ పెట్టకు. రోజూ సాయంత్రం క్లయింట్‌కు రాయాల్సిన ఉత్తరం ఒకటి అందులో కొట్టి చూడు, అదే ఉత్తరం నీ ఇప్పటి ఫోన్‌లోనూ కొట్టు. ఏడు రోజులకు నీ బొటనవేళ్ళే చెప్తాయి కీబోర్డ్ నిజంగా కావాలో, చిన్నప్పటి ముచ్చటో. ముచ్చటే అయినా తప్పులేదు, ఆ మాట తెలిసి కొనుక్కో. నోట్స్‌లో మొదటిది మాత్రం చెరపకు, అది నువ్వు కొట్టిందే.

కొన్నాక, మెయిల్‌కు రెండో తాళం పెట్టే రోజున, పది కోడ్లు చూపిస్తుంది. పెన్ను తీసుకుని కాగితం మీద రాయి. ఒకటి ఇంట్లో, ఒకటి ఆఫీసులో. ఎవరు భోజనానికి పిలిచినా సరే. రాశాక, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. కోడ్లు నాకు చెప్పకు. రాశానని ఒక్క మాట చెప్పు చాలు, నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న