ఉద్యోగం లేని భార్య పేరిట ఐఆర్ఏ: పన్ను మినహాయింపు వస్తుందా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. 401కెకి (ఆఫీసు ద్వారా నడిచే పదవీ విరమణ పొదుపు పథకం) కట్టింది పోగా నా ఆదాయం 1.55 లక్షల డాలర్లు. నా భార్య హెచ్-4 (హెచ్-1బి వంటి ఉద్యోగ వీసాదారుల కుటుంబ సభ్యులకిచ్చే) వీసాపై ఉంది, ఉద్యోగం లేదు. ఇద్దరి వయసూ నలభై లోపే. ఆఫీసులో 401కె ఉంటే ఐఆర్ఏకి (సొంతంగా తెరుచుకునే పదవీ విరమణ పొదుపు ఖాతా) మినహాయింపు రాదంటున్నారు. 2025 సంవత్సరానికి మాకు దారి ఏదైనా ఉందా?

జవాబు: మీరు విన్నది మీ ఖాతా వరకే నిజం. ఆఫీసు పథకం ఉన్నవారికి, దంపతులు కలిసి రిటర్ను వేసినప్పుడు, 2025లో ఆదాయం 1.26 లక్షల డాలర్లు దాటిన దగ్గర నుంచి సంప్రదాయ ఐఆర్ఏ (కట్టినప్పుడు మినహాయింపు, తీసినప్పుడు పన్ను ఉండే రకం) మినహాయింపు తగ్గుతూ 1.46 లక్షల వద్ద పూర్తిగా ఆగిపోతుంది.

మీ శ్రీమతి విషయం వేరు, చాలామంది తెలుగు కుటుంబాలు వదిలేసుకుంటున్నది ఇక్కడే. ఆమెకు సొంత జీతం లేకపోయినా, మీరిద్దరూ ఉమ్మడి రిటర్ను వేస్తే, మీ సంపాదన ఆధారంగా ఆమె పేరిట ఐఆర్ఏ తెరిచి 7,000 డాలర్ల వరకు కట్టవచ్చు. ఆఫీసు పథకం భర్తకు మాత్రమే ఉన్నప్పుడు భార్య ఖాతాకు వర్తించే ఆదాయ పరిమితి 2.36 లక్షల డాలర్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి, మీకు మొత్తం 7,000 మీదా మినహాయింపు వస్తుంది. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే ఫెడరల్ పన్నులో 1,540 డాలర్లు మిగులుతాయి. ఆ ఖాతా పూర్తిగా ఆమెదే. పరాయి దేశంలో సంపాదించే వీలు లేని మనిషికి తనదంటూ ఒక నిధి ఏర్పడటం, నా దృష్టిలో, పన్ను ఆదా కంటే ముఖ్యమైనది. ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే, దాని బదులు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐటిన్‌తో ఖాతా తెరిచే సంస్థ ఏదో ముందే విచారించండి.

మీ వాటాకు రాత్ ఐఆర్ఏ మేలు. ఇప్పుడు మినహాయింపు ఉండదు కానీ, నిబంధనల ప్రకారం తీసుకుంటే రాబడిపై అమెరికాలో పన్ను పడదు, మీ ఆదాయం దాని పరిమితిలోనే ఉంది. మినహాయింపు లేకుండా సంప్రదాయ ఐఆర్ఏలోనే కడితే ఆ సొమ్ముకు మినహాయింపు తీసుకోలేదని నమోదు చేసే 8606 ఫారం రిటర్నుకు తప్పక జతచేయాలి, లేదంటే ఒకే సొమ్ముపై రెండుసార్లు పన్ను కట్టే ప్రమాదం ఉంది.

త్వరలో ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త: సంప్రదాయ ఐఆర్ఏ నుంచి 59½ ఏళ్లలోపు తీస్తే, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, పన్నుతో పాటు 10 శాతం అదనపు భారం పడుతుంది. ఇల్లు కొనడానికో, అత్యవసరానికో దాచిన డబ్బును ఇందులో పెట్టకండి.

2025 లెక్కకు 2026 ఏప్రిల్ 15 ఆఖరు తేదీ, రిటర్నుకు గడువు పొడిగించుకున్నా ఇది మారదు. 2026 జనవరి 1 నుంచి కడితే, అది 2025కు చెందినదని సంస్థకు స్పష్టంగా తెలపండి.