డబ్బా నిండుగానే ఉంది, మరి ఇంజిన్ ఎందుకు కాగింది?

ప్రశ్న: మా కారు వయసు ఎనిమిదేళ్లు. ప్రతి ఆదివారం ఉదయం బానెట్ ఎత్తి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా చూస్తాను. ఎప్పుడు చూసినా మట్టం రెండు గీతల మధ్య ఒకే చోట ఉండేది. అయినా పోయిన నెల దూరప్రయాణంలో మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. బండి చల్లారాక మెకానిక్ రేడియేటర్ మూత తీస్తే పైన ద్రవమే కనిపించలేదు. దాదాపు రెండు లీటర్లు పట్టింది. అప్పుడు కూడా డబ్బాలో మట్టం ఉండాల్సిన చోటే ఉంది. అది లోపలికి ఎందుకు వెళ్లలేదు? నేను చూసే పద్ధతిలో తప్పుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు చేయవలసింది చేశారు. ఇంత క్రమంగా బానెట్ ఎత్తి చూసేవాళ్లు నా దగ్గరికి వచ్చేవారిలో చాలా తక్కువ. అందుకే మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. డబ్బా మీకు ప్రతి వారం ఒక సంగతి చెబుతూనే ఉంది. దాన్ని ఎలా చదవాలో మాత్రం మీకు ఎవరూ చెప్పలేదు.

మీ కారులో మూత రేడియేటర్ మీద ఉంది. డబ్బా పక్కన విడిగా ఉంది, రెంటికీ మధ్య ఒక సన్నని గొట్టం. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచిస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి హద్దు దాటగానే మూతలోని స్ప్రింగు పైకి లేచి, ఎక్కువైన ద్రవాన్ని డబ్బాలోకి వదులుతుంది. బండి చల్లారేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. ద్రవం కుదించుకుపోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది. మూత మధ్యలోని చిన్న వాల్వు తెరుచుకుని, బయటికి వెళ్లిన ద్రవం వెనక్కి వస్తుంది. దాన్ని లోపలికి తోసే పంపు ఏదీ ఉండదు. ఆ కాస్త పీల్పు మీదే అంతా ఆధారపడి ఉంది. మూత రబ్బరు గట్టిపడినా, సన్నగొట్టం చీలినా, గొట్టం బిగింపు వదులైనా రేడియేటర్ ద్రవానికి బదులు గాలిని పీల్చుకుంటుంది. ఎక్కడో లీకు వల్ల రేడియేటర్ తరిగిపోతూ ఉంటుంది, డబ్బా మాత్రం నిండుగా కూర్చుంటుంది.

కాబట్టి మట్టం ‘ఎప్పుడు చూసినా ఒకే చోట’ ఉందని మీరు రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆరోగ్యంగా ఉన్న బండిలో మట్టం కదలాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కాస్త కిందికి, ప్రయాణం నుంచి రాగానే కాస్త పైకి ఉండాలి. రెండు వేళలా ఒకే చోట నిలిచిందంటే రాకపోకలు ఆగిపోయాయని అనుమానించాలి. ఇకపై వారంలో ఒకరోజు రెండుసార్లు చూడండి, బయలుదేరే ముందు ఒకసారి, ఇంటికి రాగానే మరోసారి. వేడి మీద డబ్బాను కంటితో చూడండి చాలు, ఏ మూతా ముట్టుకోవద్దు. నెలకోసారి, రాత్రంతా ఆగి ఉన్న బండికి, రేడియేటర్ మూత తీసి చూడండి. ద్రవం మెడ దాకా ఉండాలి. మూత డబ్బా మీదే ఉండే కార్లకు ఈ చిక్కు లేదు. అక్కడ డబ్బా కూడా ఒత్తిడిలో భాగమే కనుక చల్లగా ఉన్నప్పుడు దాని మట్టాన్ని నమ్మవచ్చు.

ఒకసారి నా దగ్గరికి ఇలాంటి కారే వచ్చింది. అప్పటికే దానికి థర్మోస్టాట్ మార్చారు, వాటర్ పంపు మార్చారు. నేను ఉదయాన్నే బానెట్ ఎత్తేసరికి రేడియేటర్ పై గొట్టం ఎవరో పిండినట్టు చప్పిడిగా ఉంది. మూతలోని చిన్న వాల్వు బిగుసుకుపోయి ద్రవాన్ని వెనక్కి రానివ్వడం లేదు. మూత మార్చగానే గొట్టం మళ్లీ నిండుగా నిలిచింది. మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకె చూడండి, 0.9 అనో 1.1 అనో ఉంటుంది. అది మూత తట్టుకునే ఒత్తిడి. కొత్తదాని మీదా అదే ఉండాలి.

వేడి ఇంజిన్ మూత విషయంలో నేను గట్టిగానే చెబుతాను. సగం నీళ్లు, సగం గ్లైకాల్ అనే రసాయనం కలిసిన కూలెంట్ మామూలుగా సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉంటే, ఆ ఒత్తిడిలో, దాదాపు 129 దాకా మరగదు. 115 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మూత తిప్పారనుకోండి, ఒత్తిడి పోయిన క్షణంలోనే లోపలి ద్రవం ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ఎగజిమ్ముతుంది. నా ఎడమ ముంజేతి మీద మచ్చ పడి ఇరవై ఆరేళ్లయింది. ఆ రోజు మూత మీద తడిగుడ్డ వేసే తిప్పాను. గుడ్డ ఆపలేదు.

మీ ఇంజిన్ ఒకసారి కాగింది కనుక హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) కూడా పరీక్ష చేయించండి. నూనె మూత లోపల పాలమీగడలాంటి పూత, పొగగొట్టం నుంచి ఆగని తెల్లటి ఆవిరి, ఇంజిన్ నడుస్తుంటే రేడియేటర్‌లో వరుసగా బుడగలు కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: మట్టం తగ్గితే మామూలు నీళ్లు పోయవచ్చా? నా కూలెంట్ ఆకుపచ్చది, దొరికింది గులాబీ రంగుది. కలిపితే ఏమవుతుంది?

జవాబు: దారిలో గత్యంతరం లేకపోతే, ఇంజిన్ చల్లారాక, నీళ్లు పోయండి. తరువాత త్వరలోనే మిశ్రమాన్ని సరిచేయించండి. కొళాయి నీటిలోని సున్నం రేడియేటర్ సన్నదారుల్లో పేరుకుంటుంది, పైగా నీటికి లోహాన్ని తుప్పు నుంచి కాపాడే గుణం లేదు. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఎక్కువ మేలనుకోవడమూ పొరపాటే. సగం సగం మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. వేడిని మోయడంలోనూ అది నీటికంటే చాలా వెనకబడుతుంది.

రంగు తయారీదారు వేసే అద్దకం మాత్రమే. ఒకే రంగులో వేరువేరు రసాయనాలు ఉండవచ్చు. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన రకాన్నే పోయండి.

ప్రశ్న: నెలకోసారి ఒక గ్లాసెడు పోయవలసి వస్తోంది. బండి కింద మాత్రం ఒక్క చుక్క కూడా కనిపించదు. ఇది ఆవిరై పోవడమేనా?

జవాబు: కాదు. మూసి ఉన్న వ్యవస్థలో నెలకు గ్లాసెడు ఆవిరి కాదు. వేడి లోహం మీద పడిన చుక్క నేల చేరేలోపే ఎండిపోతుంది, రంగు పొడిమరకను వదిలిపోతుంది. టార్చి పట్టుకుని గొట్టాల చివరలు, రేడియేటర్ అతుకులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడండి. ఆ రంధ్రం దగ్గర చార కనిపిస్తే పంపు లోపలి సీలు అరిగిందని గుర్తు. కారు లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు ఆవిరి, ముందు సీటు కాళ్ల దగ్గర తడి కార్పెట్ ఉంటే లీకు హీటర్‌లో ఉంది. ఇవేవీ లేకపోతే ప్రెజర్ టెస్ట్ అడగండి. చల్లని ఇంజిన్‌లోకి చేతిపంపుతో గాలి కొట్టి, పంపు మీది ఒత్తిడి మీటరు ముల్లు దిగుతుందేమో చూస్తారు. ఎప్పుడు ఎంత పోశారో తేదీతో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఆ కాగితం చూస్తే లీకు పెరుగుతోందా, నిలకడగా ఉందా అన్నది మెకానిక్‌కు తెలుస్తుంది.

మరొక మాట. మిగిలిన కూలెంట్‌ను తాగునీటి సీసాలో దాచకండి. అందులోని ఎథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలో కుక్కలో రుచి చూశారని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురు చూడకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కూలెంట్ కొన్న సీసా మీది చీటీని కూడా చూపించండి.