పెరడంతా టైల్స్ వేయించొద్దు బిడ్డా

అల్వాల్, హైదరాబాద్

చిట్టితల్లికి,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. గృహప్రవేశం రోజు ఇల్లంతా తిరిగి చూసి చాలా సంతోషించాను. వంటింటి వెనక తలుపు తీసేసరికి ఆ సంతోషం రెట్టింపైంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఖాళీ నేల, గోడ అవతల వేపచెట్టు. అంతలో అల్లుడు "అత్తయ్యా, వానలు పడేలోపు ఇక్కడంతా టైల్స్ వేయిస్తాం, బురద ఉండదు" అన్నాడు. చుట్టాలందరి మధ్య ఏమీ అనలేక ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఫోన్‌లో ఇన్ని సంగతులు చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

ఆ నేలను అలాగే వదిలెయ్యి బిడ్డా. టైల్స్ వేస్తే మన ఎండాకాలంలో అవి పొద్దంతా కాగి రాత్రి పదింటిదాకా వంటింట్లోకి సెగ కొడతాయి. వాన పడితే నీళ్లన్నీ గేటు దాటి రోడ్డు మీదికి పోతాయి, మేలో బోరు నుంచి గాలి వస్తుంది. బురదే మీ బాధయితే తలుపు దగ్గర నుంచి కుళాయి దాకా రెండడుగుల వెడల్పున షాబాద్ బండలు పరిపించు. వాటి మధ్య సిమెంటు పోయనివ్వకు, మట్టే నింపమను. కాళ్లకు బురద అంటదు, నేలా ఊపిరి తీసుకుంటుంది.

ఇల్లు కట్టిన చోట మట్టి మట్టిలా ఉండదు. మేస్త్రీలు పారేసిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, మేకులు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక అడుగు లోతు తవ్వించి జల్లెడ పట్టించు. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపించు. పచ్చి పేడ వద్దు, వేర్లు మాడిపోతాయి. పైన ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరిచి వదిలెయ్యి. రోహిణి కార్తె ఎండలో ఏ విత్తనమూ వేయకు. నర్సరీ వాళ్లు పూలున్న కుండీలు చూపించి ఆశ పెడతారు, కొనకు. మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాక మొదలుపెడితే నీ శ్రమలో సగం ఆ వానే చేస్తుంది.

మొదటి ఏడాది ఆకుకూరలు చాలు. తోటకూర, పాలకూర, మెంతికూర, పుంటికూర. తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది, ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్ప పడదు. నెల తిరిగేసరికి కూరకు వస్తుంది. మన చేత్తో కోసిన కూర అప్పుడే కడిగి పొయ్యి మీద వేస్తే ఆ వాసనే వేరు. గంగవాయిలి కూరైతే విత్తకుండానే మొలుస్తుంది, కలుపు అనుకుని పీకేయకు. పప్పులో వేసుకో.

చిక్కుడు మాత్రం తప్పకుండా పెట్టు. వానాకాలంలో గోడ వారగా నాలుగు గింజలు నాటి పందిరి కట్టిస్తే చలికాలమంతా కాస్తుంది, సంక్రాంతికి ఇరుగుపొరుగుకీ పంచుతావు. దానికి పేనుబంక పడుతుంది, నల్లగా కొసలన్నీ పట్టేస్తుంది. అది చూసి టెన్షన్ పడి మందు కొట్టకు. పట్టిన కొసలు తుంచి పారెయ్యి, మిగతావాటి మీద నీళ్లు గట్టిగా చిమ్ము. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లు. మందుడబ్బా ఇంట్లోకి రానివ్వొద్దని ఎందుకంటున్నానో పిట్టల దగ్గరికొచ్చాక నీకే తెలుస్తుంది.

ఇంకో మూల బంతి, గునుగు వేయి. బతుకమ్మకు పూలు బజారులో కొనడం వేరు, నీ పెరట్లో నువ్వు తెంపుకోవడం వేరు. నీ చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే గిన్నె పట్టుకుని బంతిపూలు కోసేదానివి, గుర్తుందా?

ఇక కోళ్లు. అల్లుడికి ఇష్టం లేదని విన్నాను, వాసన వస్తుందని భయమట. మూడు పెట్టలకు ఏ వాసనా రాదు. నలభై కోళ్లను ఒక్క గదిలో కుక్కితే వస్తుంది. పుంజు వద్దు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పిల్లలు కావంతే. తెల్లవారుజామున నాలుగింటికి పుంజు కూత పెడితే పక్కింటివాళ్లతో పోట్లాట మొదలవుతుంది. పెంచే ముందే వాళ్లకొక మాట చెప్పు, తర్వాత గుడ్లు పంపించు.

రంగులేసిన కోడిపిల్లలను రోడ్డు మీద అమ్ముతారు చూడు, పిల్లలు ఎంత ఏడ్చినా అవి కొనకు. నేను ఒకసారి ఆరు కొన్నాను, నాలుగు రోజుల్లో ఆరూ పోయాయి. అంత చిన్న పిల్లలకు తల్లి రెక్కల వెచ్చదనమో, బల్బు వేడో కొన్ని వారాలపాటు ఉండాలి. ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు నెలలు దాటిన పెట్టలను తెచ్చుకో. కొక్కెర రోగానికి టీకా వేశారా అని అడిగి మరీ కొను. వేయకపోతే దగ్గర్లోని పశువుల దవాఖానలో అడుగు. నాటుకోడి గుడ్లు తక్కువ పెడుతుంది, ఏడాదికి యాభై అరవై. పొదుగుకొస్తే ఆ కొద్ది కూడా ఆగిపోతాయి. కానీ తెలివైనది, గట్టిది. గుడ్లు ఎక్కువ కావాలంటే గ్రామప్రియ, కాస్త మాంసం కూడా కావాలంటే వనరాజా. ఆ రెండూ మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలోనే తయారయ్యాయి, పెరట్లో తిరగడానికే పుట్టిన జాతులు. నన్నడిగితే రెండు గ్రామప్రియలు, ఒక నాటుపెట్ట.

గూడు విషయంలో మాత్రం ఖర్చుకు వెనకాడకు. సన్న తీగ జాలీని పిల్లి చీల్చేస్తుంది. అరంగుళం కళ్ల వెల్డ్ మెష్ వేయించి, కింద ఒక అడుగు నేలలోకి దింపించు, ముంగిస తవ్వుకుంటూ వస్తుంది. ఒకసారి పెళ్లి నుంచి ఆలస్యంగా వచ్చి గొళ్లెం పెట్టలేదు. పొద్దున లేచేసరికి నాలుగు పెట్టల్లో ఒక్కటే మిగిలింది, అదీ గూటి పైకెక్కి ముడుచుకుని కూర్చుంది. చాలా రోజులు ఆ వైపు చూడలేకపోయాను. అప్పటి నుంచి చీకటి పడగానే గొళ్లెం నా చేత్తో నేనే పెడతాను. ఇంట్లో ఎవరు పెట్టామన్నా మళ్లీ వెళ్లి చూస్తాను.

తిండికి జొన్నలు, నూకలు, కూరగాయ తొక్కలు. ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులు కూడా వేయి, లేకపోతే పెంకు పలచబడుతుంది. బూజు పట్టిన మొక్కజొన్న మాత్రం ఒక్క గింజ కూడా వేయొద్దు, ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గింజలు మూత గట్టిగా పడే రేకు డబ్బాలో ఉంచు. గింజల కోసం ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. నీకు పాములంటే ఎంత భయమో నాకు తెలుసు. గూటి దగ్గర తిండి మిగలకుండా చూసుకుంటే ఆ భయం చాలా వరకు తీరుతుంది. ఎండాకాలంలో కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి, వాటికి చెమట పట్టదు. నీడలో మట్టి తొట్టెలో నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చు. ఆ రోజుల్లో గుడ్లు తగ్గుతాయి, కంగారుపడకు. ఒకవేళ కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతే మాత్రం వట్టి చేతులతో ముట్టుకోవద్దు, వెంటనే పశువుల డాక్టరుకు చెప్పు.

కోళ్లతో నిజమైన ముచ్చట గుడ్లు కాదు బిడ్డా. మధ్యాహ్నం పూట పొడిమట్టిలో గుంట చేసుకుని, ఒక పక్కకు ఒరిగి, రెక్క విదిలించి, కళ్లు సగం మూసి పొర్లుతాయి. పేలు పోవడానికి అలా చేస్తాయి. ఆ మట్టిలో కాస్త కట్టెల బూడిద కలుపు. అది చూస్తూ అరగంట కూర్చున్నా నాకు విసుగు రాదు. టైల్స్ మీద అవి ఎక్కడ పొర్లుతాయి చెప్పు? ఇంకో మాట, కోళ్లు కూరమళ్లను ఒక్క గంటలో తవ్వేస్తాయి. మళ్ల చుట్టూ మోకాలెత్తు దడి కట్టించాకే వదులు. వాటి పెంట వేడి ఎరువు, ఎండుటాకుల్లో కలిపి రెండు మూడు నెలలు మాగాకే మొక్కలకు వేయాలి.

పిట్టల కోసం నువ్వు పెద్దగా చేయాల్సింది ఏమీ లేదు. ఉత్తరం అందిన రోజే వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి తెచ్చి, గోడ మీద నీడ పడేచోట రెండు అంగుళాల లోతు నీళ్లు పోసి పెట్టు. మధ్యలో ఒక రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. రెండు రోజులకోసారి తోమి నీళ్లు మార్చు, దోమలు పెరగవు. మొదటి నాలుగు రోజులు కాకి తప్ప ఏదీ రాదు. తర్వాత పిగిలిపిట్ట వస్తుంది, నల్లని జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. మూకుట్లో దిగి రెక్కలు కొట్టుకుంటూ స్నానం చేస్తుంది. గోరింకలు జంటగా వస్తాయి, వాటి పోట్లాటలు వాటివి.

మందారం ఒకటి నాటు, తేనెపిట్ట వస్తుంది. పూర్తిగా నల్లగా కనిపించే మగది ఎండలోకి రాగానే ఊదారంగులో మెరుస్తుంది. మా వరండాలో బట్టలారేసే తీగ కొసకు రెండేళ్లు వరసగా గూడు కట్టింది. సాలెగూళ్లు, ఎండు బెరడు ముక్కలు అతికించి వేలాడే సంచీలా కట్టింది. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆ తీగ మీద బట్టలు వేయలేదు మేము. తేనె తాగే పిట్టే అయినా పిల్లల నోట్లో మాత్రం పురుగులే పెడుతుంది. పిగిలిపిట్టా అంతే, పిచ్చుకా అంతే. మందు కొట్టిన తోటలో పురుగు ఉండదు, ఉన్నా విషమే. మందుడబ్బా వద్దన్నది అందుకే.

వంకాయ మొక్క దగ్గర ఎప్పుడైనా రెండు ఆకులు కుట్టినట్టు అతుక్కుని ఉంటే విడదీయకు. బొటనవేలంత పచ్చటి పిట్ట, దర్జీ పిట్ట అంటారు, పత్తి దారంతో, సాలెదారంతో ఆకుల్ని కుట్టుకుని లోపల గూడు పెడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నీళ్ల బకెట్ అక్కడే వదిలేసి చాలాసేపు నిలబడిపోయాను. ఏ గూడు కనపడినా దూరం నుంచే చూడు, పిల్లాడికి కూడా చెప్పు. ఫొటో కోసం కొమ్మలు పక్కకు వంచితే గూడు కాకి కంట్లో పడుతుంది.

పిచ్చుకలు మా వీధిలో చాలా తగ్గాయి. మీ ఘట్‌కేసర్ వైపు ఇంకా ఉన్నాయని గృహప్రవేశం రోజే గమనించాను. చూరు కింద వరికంకుల కుచ్చు ఒకటి వేలాడదీయి. చెక్కపెట్టె పెడితే కంత అంగుళంపావు చాలు, పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. పావురాలకు మాత్రం జొన్నలు పోయడం మొదలుపెట్టకు. రెండు వస్తే ఇరవై వస్తాయి, వాటి రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీ అత్తగారికి అసలే ఆయాసం. పంజరంలో రామచిలుకను తెచ్చుకుందామని పిల్లాడు అడిగితే ఒప్పుకోవద్దు. అది చట్టప్రకారం నేరం. గోడ అవతలి వేపచెట్టుకు పండ్లు రానీ, చిలుకలు వాటంతటవే వస్తాయి.

మీ దగ్గర ఇంకా పొలాలున్నాయి కాబట్టి కరెంటు తీగల మీద పాలపిట్ట కనపడొచ్చు. మన రాష్ట్ర పక్షి. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టే అనిపిస్తుంది, రెక్క విప్పగానే ఆ నీలం చూసి ఆగిపోతావు. దసరా రోజు దాన్ని చూడాలని జనం ఊరి బయటికి పోతారు. మీకు డాబా మీదికెక్కితే చాలేమో. పిల్లాడికి ఆసక్తి పుడితే ఒక నోటుపుస్తకం ఇచ్చి, చూసిన పిట్ట పేరు, తారీఖు రాయమను. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ల దగ్గరి పక్షులను లెక్కపెడతారు, పావుగంట కూర్చుని లెక్కించినా చాలు. 1980లో మన ఊళ్లోనే మొదలైన పక్షి పరిశీలకుల సంఘం ఉంది, ఇప్పుడు దక్కన్ బర్డర్స్ అంటున్నారు. వాళ్లు వెళ్లే నడకలకు వాడిని ఒకసారి తీసుకెళ్లు.

నువ్వు పొద్దున లేవగానే ఫోన్ చూస్తావని మీ అమ్మ చెప్పింది. దాన్ని లోపలే పెట్టి, చాయ్ కప్పుతో వెనక మెట్టు మీద పది నిమిషాలు కూర్చో. గూడు తలుపు తీయగానే పెట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వస్తాయి. ఆ టైంలో వేపచెట్టు మీద ఏ పిట్ట అరుస్తోందో విను. ఆఫీసు క్యాబ్ ఎనిమిదింటికి కదా, ఆరున్నరకు లేస్తే సరిపోతుంది.

ఈ కవరులో మా పందిరి చిక్కుడు గింజలు పన్నెండు, కాగితంలో చుట్టి తోటకూర గింజలు పెట్టాను. చిక్కుడు గింజలను ఒక రాత్రి నానబెట్టి నాటు. బంతి గింజలు మీ అమ్మ దగ్గర ఉన్నాయి, అడిగి తీసుకో. గూడు కట్టే వడ్రంగిని నేనే మాట్లాడి పంపిస్తాను, ఏ ఆదివారం వీలవుతుందో చెప్పు. టైల్స్ మేస్త్రీకి మాత్రం ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పెయ్యి, వాళ్లు సరుకు దింపేస్తే మళ్లీ వెనక్కి తీసుకోరు.

మీ పెద్దమ్మ